రోడ్డు అవతల నిలబడి చూసిన బొమ్మ

నా చిన్నప్పుడు మా పిన్ని ముగ్గు వేసిందంటే వీధిలో వాళ్ళు సైకిలు దిగి, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిపించుకుని వెళ్ళేవాళ్ళు. పిన్నంటే మా అమ్మ చెల్లెలు. ఇంటర్ అయ్యాక, విశాఖపట్నంలో బొమ్మలు వెయ్యడానికి కూడా డిగ్రీ ఉందట, అక్కడికి వెళ్తానని పట్టుబట్టింది. మా అమ్మమ్మ ఒక్క మాటలో తేల్చేసింది.

“నీకు బొమ్మ వెయ్యడం వచ్చా? వస్తే చదువెందుకు? రాకపోతే అంత దూరం వెళ్ళి ఏం చేస్తావే?”

ఆ మాట వచ్చినప్పుడల్లా పిన్ని అన్నం కెలికి లేచిపోయేది.

మా తాతయ్యకి రావులపాలెంలో బస్సులు ఆగే చోట మిఠాయి కొట్టుండేది. ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి అమ్మేవారు. బస్సు ఆగినంతసేపే బేరం. కిటికీలోంచి కంటికి ఆనితే కేకేసి కొనుక్కునేవాళ్ళు, లేకపోతే లేదు. అప్పటిదాకా ఉత్త అట్టపెట్టెలే. “వీటి మీదికి ఓ బొమ్మ వెయ్యమ్మా, చూద్దాం” అన్నారు పిన్నితో.

పూతరేకు మడతలన్నీ వెంట్రుకంత సన్నటి గీతలతో, పొరకి పొర విడిగా కనబడేలా వేసింది పిన్ని. మేమంతా మొహాల దగ్గర పెట్టుకుని చూసి నోళ్ళు తెరిచాం. “చూశారా, దీనికి చదువెందుకన్నాను!” అని అమ్మమ్మ పొంగిపోయింది. అంత మెప్పు వచ్చినందుకే, ఇక చదువు లేనట్టేనని పిన్ని మొహం వాడిపోయింది.

తాతయ్య మర్నాడు ఆ పెట్టెని కొట్లో పై అరలో పెట్టి, అమ్మమ్మనీ పిన్నినీ నన్నూ రోడ్డు అవతల బస్సు ఆగే చోట నిలబెట్టారు. తను కొట్లోకి వెళ్ళి కేకేశారు. “ఏమే, పూతరేకులు ఎక్కడున్నాయో చెప్పు!”

అమ్మమ్మ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికింది. “పూతరేకుల మాట తర్వాతండీ, ముందు ఆ పై పెట్టెకి పట్టిన బూజు దులపండి!”

పక్కనున్న రిక్షావాళ్ళు గొల్లున నవ్వారు. పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ తనూ అటే చూసింది, కాసేపటికి తనే నవ్వేసింది. “బూజేనమ్మా. అచ్చం బూజే!”

తాతయ్య రోడ్డు దాటి వచ్చారు. “దీని చేతిలో పనితనం ఉంది. మనమేమో దగ్గర కూర్చుని మురిసిపోయేవాళ్ళం. దూరంగా నిలబెట్టి చూపించేవాళ్ళు కావాలి దీనికి” అన్నారు.

“ఇప్పుడు మీరు చూపించారుగా?” అంది అమ్మమ్మ.

“నాకు బూజు వరకే తెలుసే. అది దులిపాక అక్కడేం వెయ్యాలో నాకేం తెలుసు?”

అమ్మమ్మ ఇంకోసారి ఆ పై అర వైపు చూసింది. తర్వాత, “హాస్టల్లో పప్పు నీళ్ళలా ఉంటుందట” అంది. ఆవిడ ఒప్పుకునే తీరు అది. ఆ ఏడే పిన్ని ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని రైలెక్కింది. డిగ్రీ కాగితం వచ్చినప్పుడు దానికి ఫ్రేము కట్టించి బొట్టు పెట్టింది కూడా అమ్మమ్మే. మొదటి ఉద్యోగానికి ఆ కాగితం అడిగారట. ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళినా, వేసిన బొమ్మలే చూపించమన్నారట.

నేను ఆరో క్లాసుతో ఆపేసినదాన్ని. అయినా మా మనవలు కంప్యూటర్లో డిజైన్లు నేర్చుకోవాలంటే డిగ్రీ కావాలా అని నన్నే అడుగుతారు. “నీ బొమ్మ బూజులా ఉందని నీ మొహం మీదే చెప్పి, ఎందుకలా ఉందో చూపించేవాళ్ళు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళరా. కాలేజీలో ఉంటే కాలేజీకే వెళ్ళు. మెచ్చుకోవడానికంటావా, ఇంట్లో మేమెలాగూ ఉన్నాం” అంటాను.