అటక మీది మాత్రలు

మిట్టేమరిలో ఆ రోజుల్లో ఏ ఇంట బిడ్డ పుట్టినా మొదటి మూడు నెలలూ నీళ్ళు పోయడానికి మా అత్త అక్కయమ్మనే పిలిచేవాళ్ళు. ఆమె మంత్రసాని కాదు. ఆరెకరాల రైతు భార్య, ఇంట్లో పట్టుపురుగుల పని పీకలదాకా ఉండేది. అయినా పిలుపు వస్తే చీర ఎగదోపుకుని పోయేది. చిన్న పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డను మోకాళ్ళ మీద బోర్లా వేసుకుని, ఆముదం పట్టించి వీపు రుద్దితే, అంతసేపూ గుక్కపట్టిన బిడ్డ నోరు మూసేది. ఆ చేతుల్లో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

అలాంటి చేతులకే కీళ్ళవాతం పట్టుకుంది. నేను కోడలిగా వచ్చేనాటికే ఆరేళ్ళ జబ్బు. చిక్కబళ్ళాపురం డాక్టరు ఇచ్చిన మాత్రలు రోజూ వేసుకుంటే పొద్దున ఒక గంట మాత్రమే వేళ్ళు బిగుసుకుని ఉండేవి, తర్వాత తన పని తాను చేసుకునేది. జబ్బు పోదు, అదుపులో ఉంటుందని డాక్టరు ముందే చెప్పాడట. "ఉంటే ఉండనీ, మీ మామ కూడా పోకుండా ఉండాడు గదా" అనేది అత్త. మామ మునిశామప్ప విననట్టు తల తిప్పుకునేవాడు.

1978లో నాకు తొలిచూలు. మొదటి కానుపు పుట్టింట్లో జరగాలి. నాకు పుట్టిల్లు ఉంది, అమ్మ లేదు. నాకు ఆరేళ్ళప్పుడు పెద్దమ్మవారు పోసి చనిపోయింది. జ్వరం తగ్గాలని ఎవరో మందు మింగించారనీ, అమ్మవారికి కోపం వచ్చి తీసుకుపోయిందనీ మా ఊళ్ళో అనుకునేవాళ్ళు. ఆ మాట వింటూ పెరిగాను. అత్త ఆ సంగతులేమీ ఎత్తకుండా ఒకరోజు చెప్పింది: "కానుపుకు యాడికీ పోవద్దు పాపా. నీ బిడ్డకు నేను నీళ్ళు పోస్తా." ఆ ఒక్క మాట పట్టుకునే ఏడో నెల దాకా ధైర్యంగా మోశాను.

ఏడో నెలలో అత్తకు జ్వరం వచ్చింది. రెండో రోజుకు మొహం మీదా వీపు మీదా పొక్కులు. చిన్నపిల్లలకు వచ్చే ఆటలమ్మ, ఆ వయసులో ఆమెకు పోసింది. నాకు చిన్నప్పుడే వచ్చి పోయింది కాబట్టి దగ్గరుండి చూసుకునే పని నాదే. గడపకు వేపమండలు కట్టాము. పోపు లేదు, పొయ్యి మీద నూనె లేదు, పెరుగన్నమూ మజ్జిగా మాత్రమే. ఇంట్లో అమ్మవారు ఉండగా మందు అన్న మాట ఎత్తకూడదు. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, మా అత్త పొద్దున్నే చేయి చాపింది.

"గూట్లో మాత్రలు ఉండాయి, ఒకటి ఇయ్యి."

"అమ్మవారు ఉండగా మందా అత్తా?"

"ఆయమ్మకీ నా కీళ్ళకీ ఏం సంబంధం? ఇయ్యి."

అమ్మ గుర్తొచ్చింది. ఈమె కూడా పోతే నేనేమైపోతాను? అత్త కళ్ళు మూసుకోగానే గూట్లోని పొట్లం తీసుకుని, నిచ్చెన వేసుకుని అటక ఎక్కి, చింతపండు కుండలో దాచాను. దిగి వచ్చి అబద్ధం చెప్పాను. "మాత్రలు అయిపోయినాయి అత్తా."

ఆమె కళ్ళు తెరిచి నా వైపు కాసేపు చూసింది. "సరేలే" అంది. మళ్ళీ అడగలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తొమ్మిదో రోజున వేపాకు, పసుపు వేసిన నీళ్ళతో తలకు పోశాము. పొక్కులు మాడిపోయాయి. మారెమ్మకు పెరుగన్నం పెట్టి వచ్చాము. పన్నెండో రోజు పొద్దున అత్త పిలిచింది. లేవలేకపోయింది. మణికట్లు వాచి నిగనిగలాడుతున్నాయి, వేళ్ళు అరటికాయల్లా ఉన్నాయి, మోకాళ్ళు ముట్టుకుంటే కాలుతున్నాయి. నీళ్ళ చెంబు పట్టుకోబోతే జారి పడింది. పడిన చెంబు వైపు కాదు, నా కడుపు వైపు చూసింది. "నీళ్ళు ఎట్ల పోసేది?" అంది. అంతే అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. అత్తను డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి మామ తయారవుతుంటే మా ఆయనతో అటక మీది చింతపండు కుండ దింపించి, పొట్లం తీసి, శుభ్రంగా తుడిచి మామ సంచిలో పెట్టాను. పాత మాత్రలు చూపించందే ఆ డాక్టరు ఊరుకోడు. ఇద్దరూ బాగేపల్లి మీదుగా బస్సులో చిక్కబళ్ళాపురం పోయారు. నేను గడపలో కూర్చుని సాయంత్రం దాకా ఏడ్చాను.

వచ్చాక మామ చెప్పాడు. డాక్టరు పొట్లం విప్పి, ఎప్పుడో అయిపోవాల్సినవి ఇన్ని మిగిలాయే, ఎవరు నిలిపించారని కన్నడంలో గట్టిగా అడిగాడట.

"మీ అత్త 'నేనే మానుకొంటి సామీ' అనేసింది. ఆయప్ప బాగా తిట్టినాడు. జ్వరం గానీ అమ్మవారు గానీ వస్తే ఆ పొద్దే వచ్చి చెప్పల్ల, మాత్ర తగ్గించేదో మార్చేదో నేను చూసుకుంటా, మీ అంతట మీరు నిలపద్దండి అన్నాడు. ఇట్లాంటి జ్వరాలు పోతా పోతా కీళ్ళను రేపి పోతాయంట."

అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. నేను నోరు తెరవలేదు. పిరికిదాన్ని.

అక్కడి నుంచి రెండు నెలలు మా ఇల్లంతా ఆ రెండు చేతుల చుట్టే తిరిగింది. వాపు ఉన్నన్నాళ్ళు రుద్దకూడదు, బరువు ఎత్తకూడదు. మణికట్లు వంగకుండా ఆసరా కట్టమన్నాడు డాక్టరు. మామ పట్టుపురుగులు గూళ్ళు కట్టే పాత వెదురు తట్ట ఒకటి విప్పి, బద్దలు నున్నగా చెక్కి, నా పాత చీర ముక్క చుట్టి కట్టాడు. ఆ మనిషి చేతికి అంత మెత్తదనం ఉందని అప్పుడే చూశాను. మాత్రల లెక్క తప్పకుండా గోడ మీద సున్నంతో గీతలు గీశాడు. మొదట రోజుకు నాలుగు గీతలు, తర్వాత మూడు, తర్వాత రెండు. ప్రతి మార్పుకూ డాక్టరును అడిగి వచ్చేవాడు.

వాపు కాస్త తగ్గాక, పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో వేళ్ళు ముడిచి తెరవాలి. పది సార్లు. అత్త పళ్ళు బిగించి ముడిచేది, నేను పక్కన కూర్చుని లెక్కపెట్టేదాన్ని. ఆరుకే ఆపి "పది అయినాయి" అనేది. రాగిముద్ద తుంచి నేనే నోట్లో పెట్టేదాన్ని. "ముద్ద ఇంత పెద్దదా? బిడ్డకు కూడా ఇట్లనే కుక్కుతావా?" అనేది. ఇద్దరం నవ్వేవాళ్ళం. ఒకనాడు తనే ముద్ద తుంచుకుంది. వంకరగా తుంచింది, సగం కంచంలో పడింది. మామ చూసి లేచి బయటికి పోయాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

కార్తీకంలో నాకు కూతురు పుట్టింది. పదకొండో రోజు పురిటి నీళ్ళయ్యాక, దొడ్లో ఎండ పడే చోట అత్త పీట వేయించుకుంది. కుడిచేతి చివరి రెండు వేళ్ళు వంగినవి వంగినట్టే ఉండిపోయాయి. మోకాళ్ళు మాత్రం చాపగలిగింది. బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని, బాగున్న మూడు వేళ్ళతో ఆముదం రుద్దింది. గుక్కపట్టిన బిడ్డ నోరు మూసింది. చెంబు ఎత్తే పని నాది.

చెంబు పట్టుకున్నాను గానీ నీళ్ళు పోయలేకపోయాను. ఆ వంగిన వేళ్ళు చూస్తూ ఏడ్చేశాను.

"అత్తా, మాత్రలు అయిపోలేదు. నేనే దాచిపెట్టినాను. నీ వేళ్ళు నా వల్లనే ఇట్లయినాయి."

ఆమె తల ఎత్తలేదు. బిడ్డ వీపు రుద్దుతూనే ఉంది.

"చూస్తిని. కండ్లు మూసుకున్నా గానీ నిద్రపోలేదు. ఏడో నెల కడుపుతో నిచ్చెన ఎక్కితివి. పైమెట్టు కాడ నీ కాలు జారింది, నా పానం పాయె."

"అట్లయితే మాత్రలు మళ్ళా ఏల అడగలేదు?"

"అడిగితే తెచ్చేకి మళ్ళా ఎక్కుతావు గదా" అంది. బిడ్డను మెల్లగా వెల్లకిలా తిప్పి, వంగిన వేళ్ళను దాని తల కింద ఆనించింది. "నీళ్ళు పోయి పాపా, బిడ్డ వణుకుతాండాది."