కప్ప బండి మిస్ కొట్టిన ఆదివారం

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్ల ముందు నుంచి ఒక ఎర్రటి కారు వెళ్ళేది. ఇద్దరే పట్టే కారు. పైన కప్పు లేదు. నేలను రాసుకుంటూ పోతుందా అన్నంత పొట్టిగా ఉండేది. ముందరి లైట్లు రెండూ బానెట్ మీద కళ్ళలా పైకి లేచి ఉండేవి కాబట్టి పిల్లలమంతా దాన్ని కప్ప బండి అనేవాళ్ళం. అది పందాలలో పరుగెత్తే రకం కారని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. మా ఊళ్ళో దానితో పందానికి దిగడానికి బొగ్గు లారీలు తప్ప ఇంకేమీ లేవు.

ఆ కారు బాయి మీద పెద్ద అధికారిది. గనిని మా దిక్కు బాయి అంటారు. ఆయన తండ్రి నడిపిన కారట, అప్పటికే బాగా పాతబడింది. దాన్ని చూసుకునే పని మా నాన్నది. ఆయనను మేము బాపు అని పిలిచేవాళ్ళం. బాయిలో బొగ్గు మోసే టబ్బు పట్టాలు తప్పి మీద పడితే బాపు కాలు విరిగింది. దవాఖాన నుంచి వచ్చాక ఆయనకు పైన తేలిక డ్యూటీ ఇచ్చారు. అధికారి బంగళాలో చెట్లకు నీళ్ళు పెట్టాలి, కారు తుడవాలి. ఆ డ్యూటీ పోతే అదే కాలుతో మళ్ళీ కిందికి దిగాలి. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనకపోయినా, బాపు గడప దాటేటప్పుడు అమ్మ ఆయన కాలి వైపే చూసేది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బడికి పోయేదాన్ని కాదు. అంతకు ముందు ఏడాది ఒక నెల పోయాను. అమ్మ కూలికి పోయేది గనుక తమ్ముణ్ణి చంకనేసుకుని పోవలసి వచ్చేది. వాడు ఏడిస్తే పాఠం చెడుతుందని పంతులు నన్ను గడప బయట కూర్చోబెట్టేవాడు. నెల తిరిగేసరికి ఈ పిల్లకు చదువు తలకెక్కదని అమ్మతో చెప్పాడు. అమ్మ నమ్మింది. నేనూ నమ్మాను.

ఒక ఎండాకాలం శనివారం మధ్యాహ్నం బాపుకు అన్నం గిన్నె తీసుకుని బంగళాకు పోయాను. ఆయన వరండాలో కాలు చాపుకుని నిద్రపోతున్నాడు. మోకాలు వాచి ఉంది. కారు మీద బొగ్గు దుమ్ము వేలితో గీత గీస్తే పడేంత మందంగా ఉంది. బాపు ఎప్పుడూ పొడి గుడ్డతోనే తుడిచేవాడు, నీళ్ళు పొయ్యనిచ్చేవాడు కాదు. నేను మాత్రం ఆయనకు ఒక పని తగ్గుతుందని రెండు బకెట్ల నీళ్ళు తెచ్చి కారు ముందు వైపున, కప్ప నోటి మీద, ధారగా పోశాను. ఎర్ర రంగు నిగనిగలాడింది. బాపును లేపకుండా ఇంటికి వచ్చేశాను. ఆ ఎండకు నీళ్ళు ఆరిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

సాయంత్రం అధికారి కారు తీస్తే అది దగ్గింది. ఒకే తీరుగా మోగవలసిన ఇంజన్ నాలుగు అడుగులకొకసారి తడబడినట్టు వణికింది. మెకానిక్కులు దీన్నే మిస్ కొట్టడం అంటారు. సోమవారం పొద్దున ఆయన అదే కారులో హైదరాబాద్ పోవాలి. ఎవరినైనా తెచ్చి బాగు చేయించమని బాపుకు చెప్పి, చివరికి ఒక మాట అన్నాడట. కారు చూసుకోవడం చేతకాకపోతే బాయిలోకే పంపిస్తానని.

ఆదివారం పొద్దున్నే బాపు బస్టాండు దగ్గరి మెకానిక్కును తీసుకుపోయాడు. నేనూ వెంట పోయాను. అతడు బానెట్ ఎత్తి చూసి, ఇంజన్ మొత్తం విప్పాలన్నాడు. సామాన్లు హైదరాబాద్ నుంచి రావాలి, పదిహేను రోజులు పడుతుంది. పోతూ పోతూ, "ముందటి నుంచి నీళ్ళు గిట్ల పోసిన్రా ఎవరన్న?" అని అడిగాడు. బాపు లేదన్నాడు. ఆ మాటను ఆయన అంత నమ్మకంగా అనడం చూసి నేను దగ్గరికి పోయాను. చెబుదామని నోరు తెరిచాను. బాపు మెట్టు మీద కూర్చుని మోకాలు రాసుకుంటున్నాడు. మళ్ళీ మూసుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి పక్కింటి కాక చర్చి నుంచి తిరిగి వచ్చాడు. ఆయన బాయి మీద ల్యాంపు రూములో పని చేసేవాడు. కిందికి దిగే ప్రతి మనిషీ తన నంబరు బిళ్ళ అక్కడ ఇచ్చి నెత్తికి పెట్టుకునే దీపం తీసుకుంటాడు. ఆ దీపాల వైర్లు పైకి బాగానే కనిపిస్తూ లోపల తెగిపోతుంటాయి. వాటిని వంచి చూసి కనిపెట్టడం కాక పని. కార్ల సంగతి ఆయనకు పెద్దగా తెలియదు. కానీ బాపు చెప్పిందంతా విని, లోపలికి పోయి బాయి బూట్లు తొడుక్కుని బయటికి వచ్చాడు. పైన చర్చికి వేసుకున్న తెల్ల చొక్కా, కింద మోకాళ్ళ దాకా నల్ల రబ్బరు బూట్లు.

"ఏందయ్యా, దేవుడు ఇచ్చిన ఆదివారం కూడ బాయిల దిగుతున్నవా?" అంది ఆయన భార్య, మా చిన్నమ్మ.

"కరెంటు ముట్టుకునేదున్నదే. బూట్లు లేకుంట పోతే నువ్వే నన్ను మళ్ళ చర్చికి మోయించాలె."

"మోసేటోళ్ళకు కూర వండాలె మళ్ళ, వద్దు. తొడుక్కోనే పో."

కాక మా ఇంటి నుంచి గొంగడి ఒకటి అడిగి తీసుకున్నాడు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. నన్ను కూడా రమ్మన్నాడు.

బంగళాలో బాపు స్టీరింగు ముందు కూర్చుని ఇంజన్ నడిపించాడు. కాక బానెట్ ఎత్తి నాకు లోపల చూపించాడు. పెట్రోలుకు నిప్పు అంటించే ప్లగ్గులు నాలుగు, వాటికి కరెంటు తెచ్చే నల్ల వైర్లు నాలుగు. "ఇగో బిడ్డా, నలుగురు మనుషులు టబ్బు నూకుతున్నరనుకో. అండ్ల ఒకడు చెయ్యి ఆనించి ఊకెనే నడుస్తున్నడు. వాడెవడో ఎట్ల తెలుస్తది?"

నాకు తెలియదన్నాను.

"ఒక్కొక్కన్ని పక్కకు పిలువాలె. ఎవడు పక్కకు వచ్చినా టబ్బు నడక మారదో, వాడే. నీ చెవులు లేతయి, నువ్వు ఇను."

మందపాటి పొడి గుడ్డతో పట్టుకుని మొదటి వైరు ఊడదీశాడు. ఇంజన్ ఇంకా ఎక్కువ తడబడింది. మళ్ళీ పెట్టాడు. రెండోది తీస్తే ఆగిపోయేలా వణికింది. మూడోది తీశాడు. ఏమీ మారలేదు. నేను కాక మొహం వైపు చూశాను. ఆయన దాన్ని మళ్ళీ పెట్టి నాలుగోది తీశాడు, మళ్ళీ తడబడింది. నేను మూడో వైరు చూపించాను. "దొరికిండు" అన్నాడు.

నేనైతే పని అయిపోయిందనుకున్నాను. బాపు కూడా, "ఆ ప్లగ్గు పారేసి కొత్తది తెస్త" అన్నాడు.

"ఆగు. వాని తప్పేందో తెల్వకుండనే పారేస్తవా?"

ఇంజన్ ఆపించి, మూడో ప్లగ్గు తీసి రెండో దాని చోట, రెండోది మూడో దాని చోట బిగించాడు. మళ్ళీ నడిపించి మళ్ళీ వైర్లు తీసి చూశాడు. చెడ్డదనుకున్న ప్లగ్గు కొత్త చోట బ్రహ్మాండంగా పని చేస్తోంది. మంచిది పోయి మూడో చోట కూర్చుని ఊరికే ఉంది.

అప్పుడు గొంగడి తీశాడు. ఎర్రటి ఎండలో, మూడో వైరు వైపున, నడుస్తున్న ఇంజన్ మీదికి వంగి, మా ఇద్దరి తలల మీదా దాన్ని కప్పాడు. ఒక్కసారిగా చీకటి, పెట్రోలు వాసన, మొహానికి సెగ. బాయిలో ఇట్లనే ఉంటుందా అనుకున్నాను. కళ్ళు సర్దుకున్నాక కనిపించింది. మూడో వైరు ఒక చోట వేడి గొట్టానికి ఆనుకుని ఉంది. అక్కడ గోరంత నీలి మెరుపు, టిక్ టిక్ మంటూ వైరులోంచి ఇనుములోకి దూకుతోంది.

"సూసినవా? దీపం దారిలనే కింద పడిపోతున్నది. వాడు లోపట చీకట్ల నిలవడ్డడు. మనమేమో వాన్ని పనిదొంగ అంటున్నం."

ఆ చీకట్లో ఆయన మొహం నాకు కనిపించలేదు, నా మొహం ఆయనకు కనిపించలేదు. అందుకే నోరు పెగిలిందేమో. "కాకా, నిన్న నేను నీళ్ళు పోసిన" అన్నాను.

ఆయన గొంగడి తీసేసి, ఇంజన్ ఆపమన్నాడు. జేబులోంచి సైకిల్ ట్యూబు ముక్క తీసి, వైరుకు ఒరుపు పడ్డ చోట గట్టిగా చుట్టి, గొట్టానికి తగలకుండా దూరంగా కట్టాడు. ఈసారి బాపు ఇంజన్ నడిపిస్తే కుట్టు మిషను లాగా ఒకే తీరుగా మోగింది. బాపు రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాడు.

కాక బానెట్ దించి నా వైపు తిరిగాడు. "ఎన్ని బకెట్లు పోసినవు?"

"రెండు."

"తే. నిన్న ఎక్కడ పోసినవో గక్కడనే పొయ్యి."

బాపు బిత్తరపోయి చూస్తున్నాడు. నేను రెండు బకెట్లు నింపి తెచ్చాను. మొదటి బకెట్ కప్ప నోటి మీద పోశాను. ఇంజన్ మోగుతూనే ఉంది. రెండోదీ పోశాను. నీళ్ళు కింద కాలువ కట్టాయి. నేను వంగి విన్నాను. ఒక్కసారి కూడా తడబడలేదు.

"ఇగ ఇను. నువ్వు నీళ్ళు పోసింది నిజమే. నువ్వు బండి చెడగొట్టింది నిజం కాదు."

నేను అప్పుడు ఏడ్చాను. బాపు కారు దిగి, కుంటుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డాడు. "నాకెందుకు చెప్పలే?" అన్నాడు. తర్వాత కారు వైపు చూసి, "ఇంకో బకెట్ తే. ఈ దిక్కు దుమ్ము గట్లనే ఉన్నది" అన్నాడు.

సోమవారం పొద్దున కప్ప బండి మా క్వార్టర్ల ముందు నుంచి పోయింది. బాపు గడపలో నిలబడి, అది మలుపు తిరిగి చప్పుడు వినపడనంత వరకు విని, అప్పుడు లోపలికి వచ్చి అన్నం పెట్టమన్నాడు. ఆ తర్వాత ఆయన ఎన్నడూ బాయిలోకి దిగలేదు.

పెద్దయ్యాక నాకు ఒక సంగతి తోచింది. అప్పటికే ఒరిసిపోయిన వైరు నా నీళ్ళ వల్లనే ఆ రోజు చెడిపోయి ఉండొచ్చు. నీళ్ళు పడకపోతే ఇంకో పది రోజులు నడిచేదేమో. వైర్లతోనే బతికిన కాకకు అది తెలియదని నేననుకోను. అయినా ఆయన అన్న మాటలో అబద్ధం లేదు, వైరు ఒరిసింది నా వల్ల కాదు.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై నాలుగో ఏట. ఆ కాక మనవరాలే చర్చి వెనక గదిలో ఆడవాళ్ళకు నేర్పేది. పది రోజులు పోయినా నాకు ఒక్క అక్షరం నిలవలేదు. నాకు తలకెక్కదని పంతులు ఎప్పుడో చెప్పాడు కదా, ఇక మానేద్దామనుకున్నాను. లేవబోతూ చూసుకుంటే, ఆ వయసులో కూడా నేను గడప దగ్గరే కూర్చున్నాను. బోర్డు ముందు చోటు ఖాళీగా ఉన్నా అక్కడే. బోర్డు మీద రాసింది అక్కడికి మసకగా తప్ప కనిపించదు. మూడో చోట కూర్చున్న మంచి ప్లగ్గు గుర్తొచ్చింది. చాప ఎత్తుకుని పోయి బోర్డు ముందు వేసుకున్నాను. తరువాతి వారం కళ్ళద్దాలు చేయించుకున్నాను. ఏడాది తిరిగేసరికి పేపరు చదివాను.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా పిల్ల వల్లనే ఫలానా పని చెడిందని అంటే, నేను ముందు రెండు బకెట్ల నీళ్ళు తెమ్మంటాను. మా కోడలికి ఈ మాట ఏమిటో ఇన్నేళ్ళుగా తెలియదు, అయినా అడగకుండా నవ్వి ఊరుకుంటుంది. ఆమె చదవాలనే ఇదంతా నా చేత్తో రాశాను.