నా మాట మీద చిట్టి నింపిన సున్నా

చిట్టీ, నువ్వు పోయి ఇరవై రెండు రోజులు. ఇవాళ కూడా పోస్టు వచ్చింది. విప్పకుండా బల్ల మీద పెట్టాను.

చదువుతున్న మీకు చెప్పాలి. చిట్టి నా కూతురు. ఒక్కతే కూతురు. రొమ్ములో మొదలైన జబ్బు ఎముకల్లోకి పాకింది. నలభై ఆరేళ్లకే పోయింది. పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోను చేసి, "ఆంటీ, షీ ఈజ్ గాన్" అంది చిట్టితో ఉండే పిల్ల. ఆ ఇంగ్లీషు ఎవరూ విడమరిచి చెప్పకుండానే నాకు అర్థమైంది.

నేను ఐదో తరగతి వరకే చదివాను. తెలుగు రాస్తాను, తప్పులుంటే మీరే సరిచేసుకోండి. ఇంగ్లీషు చదవడం ఇప్పటికీ రాదు. మా ఆయనకి కార్ల కంపెనీలో పని దొరికి మేము అమెరికాలో ఈ ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చేసరికి చిట్టికి ఏడేళ్లు. మూడేళ్లు తిరక్కుండానే ఇంటికొచ్చే ఉత్తరాలన్నీ తనే నాకు చదివి చెప్పేది. కరెంటు బిల్లయినా, ఇన్సూరెన్సు కాగితమైనా బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టి, వేలు పెట్టి చదివేది. "కాగితంలో ఉన్నది ఉన్నట్టే చదువుతానమ్మా. నీ కోసం మార్చి చదవను" అనేది. వాళ్ల నాన్న గుండె గురించి డాక్టరు ఉత్తరం వచ్చినప్పుడు తనకి పద్నాలుగేళ్లు. ఎక్కువ రోజులు లేవన్న మాట కూడా ఆగకుండా చదివింది. కాగితం మడత పెట్టి కవర్లో పెట్టాకే ఏడ్చింది.

నా సిటిజన్‌షిప్ పరీక్షకి వంద ప్రశ్నలూ ఇంగ్లీషులో పలికేట్టుగా తెలుగు అక్షరాల్లో రాసి ఫ్రిజ్ మీద అంటించింది. పప్పుకి తిరగమోత పెడుతూ నేను వాటిని వల్లించేదాన్ని. పాసయ్యాక నన్ను వాటేసుకుని, "ఇంక నీక్కూడా ఓటుందమ్మా. నీ నోట్లోంచి ఏది వస్తే అదే వేస్తాం" అంది.

నా మొదటి ఓటే ఆ ఓటు అయింది.

ఆడా ఆడా, మగా మగా పెళ్లి చేసుకోవడం చెల్లదని రాష్ట్రం చట్టంలోనే రాసేయాలా వద్దా అని ఆ ఏడాది జనాన్ని ఓటు అడిగారు. మా వెనక వీధిలో ఒక అక్క ఉంది. నాకు కారు నడపడం రాదు. ఆయన పోయినప్పటి నుంచీ నన్ను గుడికీ కూరగాయలకీ తీసుకెళ్లింది ఆవిడే. తోడబుట్టిన దానికన్నా ఎక్కువనుకున్నాను. భజన అయ్యాక భోజనాల వరసలో ఆవిడ నోట అదే మాట.

"మనకెందుకండీ, తెల్లవాళ్ల గొడవ" అన్నాడొకాయన.

"మనకెందుకేమిటండీ? రేపు మన పిల్లలు నేర్చుకోరూ?" అంది అక్క.

"మన పిల్లలా! వాళ్లకి మార్కులు తప్ప ఇంకేం తెలుసు?" అని ఇంకొకావిడ అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చిట్టి నా పక్కనే నిలబడి పులిహోర వడ్డిస్తోంది.

మర్నాడు అక్క, అవునని ఓటెయ్యమనే బోర్డు ఒకటి తెచ్చి మా గడ్డిలో పాతింది. "నీ ఇల్లు మూల మీదుంది చెల్లీ, అందరికీ కనపడుతుంది" అంది. నేను కాఫీ ఇచ్చాను. శనివారం చిట్టి గడ్డి కొయ్యడానికి వచ్చింది. అప్పటికే వేరే అపార్ట్‌మెంట్లో ఒక రూమ్మేటుతో ఉండేది, వారం వారం వచ్చేది. ఆ బోర్డు పీకి గోడకి ఆనించింది. గడ్డంతా కోసింది. మళ్లీ అదే కన్నంలో గుచ్చి, వంకర లేకుండా సరిచేసి, కాలితో మట్టి నొక్కింది. నేను వంటింటి కిటికీలోంచి చూసి, ఎంత బుద్ధిమంతురాలో నా కూతురు అనుకున్నాను.

ఓటు కాగితం పోస్టులో ఇంటికే తెప్పించింది. చారు దించి కూర్చున్నాను. ఒక్కో ప్రశ్నా తెలుగులో చెప్పి, నేనేది అంటే దాని పక్కనున్న సున్నా పెన్నుతో నింపుతోంది.

"ఇప్పుడు పెళ్లి ప్రశ్నమ్మా. అవును అంటే ఆ పెళ్లిళ్లు ఆపేసినట్టు. కాదు అంటే ఆపొద్దన్నట్టు. ఏం వెయ్యమంటావ్?"

"అక్క చెప్పిందిగా. అవునే."

"అక్క మాట వదిలేయ్. నువ్వు చెప్పు."

"నేనూ అంతే. ఛీ, అదేం పెళ్లి? అవునని వెయ్యి."

"ఇంకోసారి చదవనా?"

"ఎన్నిసార్లు చదువుతావే? చారు చల్లారిపోతోంది."

పెన్ను పెట్టింది. ఆ ఒక్క సున్నా చాలాసేపు నింపింది. కవరు మీద నేను తెలుగులో సంతకం చేశాను. సాయం చేసినవాళ్లు కూడా చెయ్యాలట, నా కింద తనూ చేసింది. అన్నం పెడితే ఆకలి లేదంది. "బయట ఏ గడ్డో తినొచ్చుంటావు" అని తిట్టాను. అవును అన్నవాళ్లే గెలిచారు. అక్క కేసరి చేసి తెచ్చింది.

నాలుగేళ్లకి, ఒకరోజు సరుకులు కొనుక్కుని కార్లో కూర్చున్నాక చెప్పింది. "నాతో ఉండే అమ్మాయి రూమ్మేట్ కాదమ్మా."

"ఇన్నాళ్లూ నన్ను మోసం చేశావా? ముందే ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"ముందే నువ్వు చెప్పేశావు కదమ్మా" అంది. కారు స్టార్ట్ చేసింది.

ఆ రోజు నుంచీ నాకు ఒకటే ఆశ. నాకు చదవడం రాదు కదా, కాదు అన్న సున్నా నింపి అవునని నాతో అబద్ధం చెప్పి ఉంటుందేమో. ఆ మోసం చేసి ఉండాలని దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని. తననే అడగొచ్చు. పదిహేడేళ్లు అడగలేకపోయాను.

తను నాకు చెప్పిన ఏడేళ్లకి కోర్టు ఆ పెళ్లిళ్లు చెల్లుతాయంది. ఇద్దరూ కౌంటీ ఆఫీసులో చేసుకుంటామని నన్ను రమ్మన్నారు. నేను అక్కకి చెప్పుకుని ఏడ్చాను. "వెళ్లావంటే రేపు నిన్ను భజనకి ఎవరు పిలుస్తారే? నడుం నొప్పని చెప్పు. ఇది నా కడుపులోనే ఉంటుంది. నీ పరువు నా పరువు కాదూ?" అంది. నడుం నొప్పన్నాను. ఆ సాయంత్రం చిట్టి పెళ్లి బట్టల్లోనే వచ్చి నాకు హీటింగ్ ప్యాడ్ ఇచ్చింది. తనే ప్లగ్గులో పెట్టి, "మరీ వేడి పెట్టుకోకమ్మా" అని వెళ్లింది.

చిట్టి పోయిన రోజు అక్క వచ్చి అన్నీ తన చేతుల్లోకి తీసుకుంది. తెలుగువాళ్ల గ్రూపులో మెసేజ్ పెట్టింది. నా పక్కన కూర్చున్న ఆ పిల్లకి తెలుగు రాదు. చిట్టి ఫోటో చూసి ఫోను నా ముందు పెట్టింది. "ఆంటీ, వాట్ డజ్ ఇట్ సే?" అంది. ఫోటోలో చిట్టి భుజం మీద ఒక చెయ్యి ఉంది. ఆ చేతి మనిషిని కత్తిరించేశారు.

నేను చదివాను. పేరుంది, వయసుంది. ఆ పక్కన "అవివాహిత" అని ఉంది. అక్క ఎదురుగా నిలబడి, చెప్పొద్దని తల అడ్డంగా ఊపుతోంది.

"నాట్ మ్యారీడ్" అన్నాను. "ఇట్ సే, నాట్ మ్యారీడ్."

"నీకేమైనా మతి పోయిందా?" అంది అక్క. "ఇప్పుడా పిల్లకి చెప్పాలా? ఎవరి కోసం రాశాననుకున్నావ్? నీ పరువు కోసమే కదే!"

"కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివానక్కా."

సోఫాలో కూర్చున్న, భజనకొచ్చే ఒకావిడ మెల్లగా నా చెయ్యి పట్టుకుంది. "బాధపడకండి. ఆ పెళ్లి సంగతి మాకు ఆనాడే తెలుసు. అక్కే చెప్పింది."

ఆనాడే. పదేళ్లు నేను వాళ్ల మధ్య కూర్చుని, మా చిట్టికి ఇంకా సంబంధం కుదర్లేదండీ అని చెబుతూ వచ్చాను. వాళ్లు అయ్యో అంటూ విన్నారు. దాచడానికేమీ లేని దాని కోసం నా బిడ్డ పెళ్లి చూడకుండా ఇంట్లో కూర్చున్నాను. కాఫీ గ్లాసు అక్క చేతిలోంచి తీసుకుని సింకులో పెట్టాను.

అందరూ వెళ్లాక ఒక కాగితం మీద రెండు సున్నాలు గీశాను. ఒకటి యెస్, ఒకటి నో అని వేలితో చూపించాను. "చిట్టి. మై ఓట్. విచ్?" ఆ పిల్లకి అర్థమయ్యింది. ముఖం తిప్పుకుంది. నేను కాగితం జరిపాను. చివరికి యెస్ మీద వేలు పెట్టింది. చిన్న చిన్న మాటల్లో నాకు తెలిసేలా చెప్పింది. ఆ రోజు చిట్టి ఇంటికెళ్లి, ఒక్క కాగితం మార్చినా ఇంక అమ్మ నన్ను ఏ కాగితానికీ నమ్మక్కర్లేదు అందట. రెండు రోజులు ఏమీ తినలేదట.

దహనం దగ్గర మంట వెలిగించే బటన్ నొక్కడానికి అక్క వాళ్ల అబ్బాయిని పిలిపించింది. నేను వద్దన్నాను. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఇద్దరం కలిసి నొక్కాం.

మా బల్ల మీద మెత్తటి ప్లాస్టిక్ షీటు ఉంది. ఇరవై ఏళ్లుగా మార్చలేదు. చిట్టి కూర్చునే వైపు దాని మీద గోరంత గుంట ఉంది. ఆ ఓటు రోజు కాగితం మీద పెన్ను అంత గట్టిగా నొక్కింది. రోజూ తడిగుడ్డతో తుడుస్తుంటే వేలికి తగులుతుంది. ఆదివారం ఆ పిల్ల వచ్చి పోస్టు చదువుతానంది. ఆ గుంట మీదే కంచం పెట్టి చారన్నం వడ్డిస్తాను. తను తినేదాకా కాగితాలు విప్పనివ్వను.

మీరు కూడా వేళకి కడుపునిండా తినండి.