పసుపుతో తీసిన వీరుడి అచ్చు

పోయిన నెల పులివెందుల నుంచి పర్వీనక్క ఫోన్ చేసింది. ప్రొద్దుటూరు హైస్కూల్లో మాకు డ్రాయింగ్ చెప్పిన మస్తాన్ సారు కూతురామె. సారుకు ఎనభై దాటాయి, ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటున్నారు. "నాయనకు చూపు దాదాపు పోయింది పద్మా. గోడకున్న వీరుని అచ్చేమో చెదలు తినేసినాయి. అది కావాలని ఒకటే గోల. పద్మకు చెప్పు, తీసకొస్తాది అంటాండాడు" అంది. ఆ అచ్చు జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె పొలంలో ఉన్న వీరగల్లుది. పోరాడి చనిపోయిన మనిషి గుర్తుగా వెనకటి రోజుల్లో నిలిపిన రాయి అది. రాతి మీద తడి కాగితం పరిచి, బ్రష్షుతో మెల్లగా కొట్టి, పైన సిరా అద్దితే చెక్కిన బొమ్మంతా ఉబ్బెత్తుగా కాగితం మీదికి వస్తుంది. తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం సారు మమ్మల్ని ఆరుగురిని బస్సులో తీసుకుపోయి ఆ పని నేర్పించారు.

సారుకు పాత యుద్ధాల బొమ్మలంటే పిచ్చి. రాజుల ఊరేగింపులు, రాక్షస సంహారాలు అచ్చేసిన కాగితాలు సంచీ నిండా తెచ్చి బల్ల మీద పరిచేవారు. "గెలుపును బొమ్మలో ఎట్ల చూపిస్తారు? గెలిచినోన్ని పెద్దగా గీస్తారు, ఓడినోన్ని కాళ్ళ కింద పెడతారు. యా దేశంలోనైనా ఇంతే" అనేవారు. వీరగల్లులో కూడా అడవిపందిని పొడుస్తున్న వీరుడి కాలి దగ్గర చిన్న ఆకారమొకటి ఉంది. క్లాసులో ఆ అచ్చు చూపిస్తూ, అది ఓడిన శత్రువని సారు చెప్పారు. నేను లేచి, "కుక్క మాదిరి ఉంది సార్" అన్నాను. అందరూ నవ్వారు. "నాకు లేని కండ్లు నీకుండాయా?" అని సారు నన్ను పీరియడంతా నిలబెట్టారు. అంత ప్రేమగా చూసే మనిషి అలా అనడం నాకు చాలా రోజులు మనసులోంచి పోలేదు.

అక్క ఫోన్ చేశాక ఒకరోజు, నేనుండే కడపలో పొద్దున ఆరుగంటల బస్సెక్కి ఏడున్నరకు ప్రొద్దుటూరులో దిగాను. ఇప్పుడు ఆడవాళ్ళకు ఈ బస్సుల్లో టికెట్టుకు డబ్బుల్లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. బస్టాండు దగ్గర ముప్పై రూపాయలకు ఉగ్గాని, బజ్జీ తిని, మా బడి గేటు ముందు కాసేపు నిలబడ్డాను. డ్రాయింగ్ గది ఉన్నచోట కొత్త మేడ లేచింది. అక్కడి నుంచి జమ్మలమడుగు ముప్పావుగంట. బస్టాండు బయట ఆటో అతను, "యాడికక్కా, గండికోటకా?" అని అడిగాడు. కోటకు కాదని, దారిలో ఉన్న వీరగల్లుకు, ఆ పక్క వీరప్ప రాయి అనేదానికి, పోవాలని, కాగితం మీద అచ్చు తీసుకోవాలని చెప్పాను.

"అచ్చెందుకక్కా, సెల్లులో ఫోటో తీసుకుంటే సాల్దా?"

"చూపు పోయిన మనిషికప్పా. వేళ్ళతో తడిమి చూసుకుంటాడు."

అతను వెనక సీటు దుమ్ము దులిపాడు. తర్వాత, "రానూపోనూ నాలుగు నూర్లియ్యి. నువ్వు నింపాదిగా తీసుకో, నేనాడే ఉంటా" అన్నాడు.

శనగచేల మధ్య రాయి అలాగే ఉంది. కాకపోతే ఇప్పుడు దానికి రేకుల నీడ వేసి, పసుపూ కుంకుమా నూనే మందంగా పూశారు. రాయికి పూజ చేసే ఓబుళమ్మ పక్క చేలోంచి వచ్చింది. నా సిరా డబ్బా చూడగానే ఆమె ముఖం మారిపోయింది. "వీరప్పకు మసి పూస్తావా? నేనొప్పుకోను తల్లీ."

సారు సంగతంతా చెప్పాను. ఆమె విని, రాయి వైపు చూసి, "పసుపైతే వీరప్పకేం కొత్త గాదు. దాంతో తీసుకో" అంది. తనే ఇంటికి పోయి పసుపు, కుంకుడు రసం తెచ్చింది. ఇద్దరం అరగంట రాయిని కడిగాం. ఏటవాలుగా పడుతున్న పొద్దుటి ఎండలో బొమ్మలు ఒక్కొక్కటే పైకి తేలాయి. వీరుడి కాలి దగ్గర నిక్కిన చెవులు, చుట్ట తిరిగిన తోక.

"ఇది కుక్కే కదవ్వా?"

"కుక్క గాక ఇంకేంది? మా అత్త కాలం నుంచి దానిక్కూడా ఒక ముద్ద పెడతాండాం" అంది ఓబుళమ్మ.

తడి కాగితం పరిచి, పసుపు ముద్దను గుడ్డలో కట్టి అద్దుతుంటే, నా మాటే నిజమైందని గెలిచినంత సంబరమేసింది. మధ్యాహ్నం ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయే బస్సులో, గంటన్నర సేపు, సారుతో ఏమనాలో మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను.

కానీ మంచం మీద కూర్చున్న మనిషిని చూడగానే ఆ మాటలన్నీ పోయాయి. చిక్కిపోయారు. నా తలమీద చెయ్యి పెట్టి, "తీసినావా పాపా?" అన్నారు. ఎండి గట్టిపడిన కాగితాన్ని ఆయన ఒళ్ళో పరిచాను, కుక్క సంగతి ఎత్తలేదు. సారు వాసన చూసి, "పసుపా!" అని నవ్వారు. పైవరుసలో శివలింగం పక్కన కూర్చున్న వీరుణ్ణి, నడిమి వరుసలో అతన్ని పైకి తీసుకుపోతున్న అప్సరసలను వేళ్ళతో గుర్తుపట్టి పేరుపేరునా చెప్పారు. కింది వరుసలో, వీరుడి కాలి దగ్గర, వేలు ఆగిపోయింది. వెనక్కి పోయి మళ్ళీ వచ్చింది.

"చెవులు... తోక. పద్మా, ఆ పొద్దు నిన్ను నిలబెట్టినా కదా?"

"నాకు గుర్తులేదు సార్."

"అబద్ధం చెప్పాకు. రిటైరయ్యేదాకా పిల్లోళ్ళకు తప్పు చెప్తినే. ఈడ ఓడినోడే లేడు. తోడుండేది ఉండాది." సారు గోడ పట్టుకుని లేచారు. పర్వీనక్క కంగారుగా, "యాడికి నాయనా?" అంది. "యాడికీ కాదు. ఇప్పుడు నేను నిలబడాల" అన్నారు. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ముగ్గురం ఏడుస్తూనే నవ్వాం.

రాత్రికి కడప చేరాను. ఇన్నేళ్ళుగా నేను ఎదురుచూసింది సారు తప్పొప్పుకోవడం కోసమే అనుకునేదాన్ని. అది జరిగిన నిమిషంలో నాకు కావలసింది మాత్రం ఆయన హాయిగా కూర్చోవడమే. ఆ తొమ్మిదో తరగతి మధ్యాహ్నం ఇప్పుడు తలచుకుంటే నాకు సారు గొంతులోని ఉత్సాహమే వినిపిస్తోంది, బల్ల మీద పరిచిన రంగు కాగితాలే కనిపిస్తున్నాయి.

గండికోటకు పోయేవాళ్ళు దారిలో ఇలాంటి రాళ్ళు చూడాలనుకుంటే పొద్దున పదిలోపే పోండి. ఎండ నడినెత్తికొస్తే చెక్కడాలన్నీ చదునుగా కనిపిస్తాయి. రాతిని ముట్టుకునే ముందు మాత్రం దానికి రోజూ దీపం పెట్టే మనిషెవరో కనుక్కుని, వాళ్ళనడగండి.