నేను నొక్కిన టర్బో బటన్

పాతికేళ్లుగా ఒక భయాన్ని మోస్తున్నాను. ఎవరైనా పాత కంప్యూటర్ల సంగతి ఎత్తితే చాలు, లేచి అవతలికి పోతాను. ఇప్పుడే అడుగుతారేమో. ఎవరడుగుతారు? తెలిసినవాణ్ని నేనొక్కణ్నే కదా? అయినా భయం పోలేదు. పేరు లేని ఈ కాగితం మీ చేతికి వచ్చింది కాబట్టి మీకే చెబుతున్నాను.

తొంభైల మొదట్లో కరీంనగర్‌లో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో ఇద్దరం పాఠాలు చెప్పేవాళ్లం. నేను, రాజేశం. అతను సిరిసిల్ల నేతవాళ్ల బిడ్డ, నాకంటే రెండేళ్లు చిన్న. ఇద్దరిలో ఒక్కరినే ఉంచుకుంటానన్నాడు యజమాని. జమ్మికుంట పత్తి యార్డుకొచ్చే రైతుల జాబితా ఇచ్చి ఊరివారీగా సర్దే ప్రోగ్రాం రాయమన్నాడు. పోటీనాడు అప్పటికప్పుడు ఒక మార్పు కూడా చెబుతానన్నాడు. అన్నీ కలిపి ఎవరు త్వరగా ముగిస్తే ఉద్యోగం వాళ్లది.

నేను సి భాషలో రాశాను. రాసినదంతా ముందే కంప్యూటర్ భాషలోకి మార్చుకోవాలి. మారాక ఇక పరుగే. కానీ ఒక్క అక్షరం దిద్దినా మళ్లీ మొత్తం మార్చుకునేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. పోటీకి పెట్టిన ఆ పాత మిషన్ మీద అది ఓ పట్టాన తెమిలేది కాదు. రాజేశం బేసిక్ అనే భాషలో రాశాడు. అది నడుస్తూనే ఒక్కో వరుసా చదువుకుంటూ పోతుంది కాబట్టి నిదానమే, కానీ దిద్దిన మరుక్షణం మొదలవుతుంది. పోటీకి ముందురోజు అతని ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ తీసి, నాకు తోచిన మార్పొకటి చేసి, వాచీ పెట్టుకుని రెండూ నడిపి చూశాను. మార్పుతో కలిపితే అతనే ముందు. కొద్ది తేడాతోనే, కానీ అతనే. నాకు అన్నం సహించలేదు. ఉద్యోగం ఖాయమైందని అవ్వకూ బాపుకూ అప్పటికే గొప్పగా చెప్పేశాను మరి. ఏ ముఖం పెట్టుకుని ఇంటికి పోవాలి?

ఆ మిషన్ డబ్బాకు టర్బో అనే బటన్ ఉండేది. నొక్కితే దాని పక్క లైటు ఆరిపోయి వేగం సగానికి పడిపోతుంది. ఆ సంగతి చదివి తెలుసుకున్నది నేనొక్కణ్నే. చెప్పులు బయట విడిచి లోపలికి పోయే గది అది. మిషన్ మీది గుడ్డ తీసి ఆన్ చేసే పని నాది. పాడవుతుందన్న భయంతో యజమాని ఇంకెవరినీ డబ్బా ముట్టనిచ్చేవాడు కాదు.

నా వంతు ముందు. ముగించి లేస్తూ, డబ్బా మీద దుమ్ము తుడుస్తున్నట్టు చేయి పెట్టి నొక్కాను. రాజేశం కూర్చుని అటే చూశాడు.

"అన్నా, గా లైటు ఆరిపోయిందేంది?"

"గది గట్లనే పోతది తమ్మీ. బల్బు ఖరాబైంది. ఫికర్ చెయ్యకు."

"సరే అన్నా."

నమ్మాడు. నా మాట కాబట్టి నమ్మాడు. తెర మీద ఏదీ కదలదు. యజమాని వాచీ చూసుకుంటున్నాడు. "జర ఆగుండ్రి సార్, వస్తది" అంటూ రాజేశం నుదురు తుడుచుకుంటున్నాడు. నాకు జాలి వేసిందా? లేదు. మళ్లీ ఆ లైటు వైపు చూస్తాడేమోనని దానికి అడ్డంగా జరిగి నిలబడ్డాను, అంతే.

ఉద్యోగం నాకొచ్చింది. అతను సిరిసిల్ల వెళ్లిపోయాడు. కొన్నేళ్లకు ఒక పెళ్లికని నేను ఆ ఊరు పోతే, బలవంతం చేసి ఇంటికి తీసుకెళ్లాడు. పవర్‌లూమ్ నడిపి బతుకుతున్నాడు. చాయ్ ఇచ్చి, మరమగ్గాల చప్పుడులో గట్టిగా చెప్పాడు. "నా బుర్రనే నిదానమన్నా. మా చెల్లె గూడ కంప్యూటర్ కోర్సు చేస్తనన్నది. వద్దన్న. మా ఇంట్ల ఎవలకూ గది అచ్చిరాదు."

ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి నావైపే చూస్తోంది. నేనొక్క మాట అంటే చాలు, అన్న మనసు మారుతుందని ఆశ. ఆ మాట నా నోటి దాకా వచ్చింది కూడా. చెబితే రాజేశం నన్నేం చేస్తాడో, ఊరంతా ఏమంటుందో అని మింగేశాను. చాయ్ తాగి లేచి వచ్చేశాను. ఆ అమ్మాయి కోర్సులో చేరలేదని తర్వాత విన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినవాళ్లు మీరు కాదు, వాళ్లకు చెప్పే ధైర్యం ఇవాళ్టికీ నాకు లేదు. అయినా ఇది రాస్తుంటే ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. రాజేశం బుర్ర నిదానం కాదు. ఆ పోటీలో గెలవాల్సింది అతనే.