పార్కులో మా మిరపకాయలు

పార్కు కావాలని మునిసిపల్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది నేనే. నరసరావుపేట శివారులోని మా కాలనీకి తీరా అది వచ్చాక, నడవడానికి వేసిన సిమెంటు బాట చూసి మా అమ్మ, "ఇంతకన్నా మంచి కల్లం యాడ దొరుకుద్దిరా?" అంటూ మా చేలో మిరపకాయలన్నీ దానిమీద ఎండబోసింది.

ఆ ఉదయమే మునిసిపల్ కమిషనర్ పార్కు చూడటానికి వచ్చారు. ఘాటుకు తుమ్ముతూ, "ఎవరివండీ ఇవి?" అని నన్నే అడిగారు. అర్జీలు పెట్టేటప్పుడు లేని మూగతనం అప్పుడు ముంచుకొచ్చింది. నా మొహం చూసి పక్కింటి మెకానిక్ భార్య, "మావే సారూ, ఎత్తేస్తాం" అంది. ఆయన అందరి ముందూ ఆమెను కసిరారు. నేను వింటూ నిలబడ్డాను.

ఆమె వంగి కాయలు గోతాంలోకి ఎత్తుతోంది. కమిషనర్ ఇంకా అక్కడే ఉన్నారు. మా అమ్మ ఇంట్లోంచి వచ్చి కేకేసింది: "ఒరేయ్, మన కాయలు ఆ పిల్ల ఎత్తుతుంటే చూస్తా నిలబడ్డావేందిరా, నీకు చేతుల్లేవా?"