మెట్లు దిగే పాఠం

మా మేనత్త ఒక మేడ మీది గదిలో నర్సులకు ఇంగ్లీషు చెబుతుంది. కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే చెబుతుంది. వాక్యం పూర్తిచేయకుండా మాత్రం ఎవరినీ లేవనివ్వదు.

ఆ రోజు పాఠం ‘ఎవాక్యుయేట్’. "ప్రమాదమున్న చోటు నుంచి జనాన్ని బయటికి తరలించడం. సొంతంగా ఒక వాక్యం రాయండి," అంది. అంతలో కింది పరుపుల కొట్టు నుంచి పొగ లేచింది.

"మేడమ్, పొగ!" అంటూ ఒక నర్సు లేచింది.

"ముందు వాక్యం పూర్తిచెయ్యి!" అని కసిరింది అత్త. అందరూ దగ్గుతూనే రాశారు. కిటికీ కనబడకుండా పోయాక "లేవండి!" అని అరిచింది. అందరినీ బయటికి తోసి, తను చివర దిగింది.

ఇప్పుడు పాఠంలో ‘ఎవాక్యుయేట్’ వచ్చిందంటే బోర్డు ముట్టుకోదు. సుద్దముక్క పడేసి, అందరినీ బిలబిలా వీధిలోకి దింపుతుంది.

"అర్థమైందా?"

"అయింది మేడమ్."

"ఏం అయింది? తీరిగ్గా పెన్నుకు మూత పెట్టి లేచిందెవరు? పైకి పదండి, మళ్లీ!"